లలితకుమారి తీగలు కలిపిన రోజు

లలితకుమారికి కరెంటంటే భయం. అది అలాంటిలాంటి భయం కాదు. ఫ్యాను వేయాలన్నా చేతులు పొడిగా తుడుచుకుని, రబ్బరు చెప్పులు తొడుక్కుని, చెక్క తెడ్డు కొసతో స్విచ్చి నొక్కేది. నొక్కేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది. అలాంటి మనిషి రోజంతా కూర్చునేది కంప్యూటరు ముందే. పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికించడం ఆమె పని.

కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే యార్డు వెనక సందులో కిందివాటా అద్దె ఇల్లు వాళ్ళది. ముందుగదిలో పని, వెనకగదిలో కాపురం. భర్త ప్రదీప్‌కుమార్ కెమెరా పట్టేవాడు. హౌరా నుంచి బడ్జ్ బడ్జ్ దాకా ఏ తెలుగువాళ్ళింట పెళ్ళయినా, పుట్టువెంట్రుకలయినా వీళ్ళకే కబురొచ్చేది. కంప్యూటరు మీట మాత్రం పొద్దున్నే ప్రదీపే నొక్కి, "నీ బండి స్టార్టు సేసీసేను, ఇంక తోలుకో" అని వెళ్ళేవాడు. ఒక్కనాడూ ఆమె భయాన్ని చూసి నవ్వలేదు.

ఆ భయం భవానీపూర్‌లో పుట్టింది. ఆమె తండ్రి పెద్దిరాజు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కార్పొరేషన్‌లో మురుగుకాలవల పనికి కుదిరినవాడు. ఒక వానాకాలం వీధి మోకాటి లోతు నీళ్ళయితే, కాలవ మూత తీసి చెత్త లాగడానికి దిగాడు. చిన్న లలిత అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్ళింది. కూతుర్ని చూసి తండ్రి చెయ్యూపాడు. ఎక్కడి నుంచో తెగిన తీగ ఒకటి ఆ నీళ్ళలో పడి ఉందని ఎవరికీ తెలియదు. ఇటువైపు రెండడుగులు వేశాడో లేదో, నిలువునా బిగుసుకుపోయి, అరుపైనా లేకుండా ఒరిగిపోయాడు.

క్యారేజీ పారేసి లలిత నీళ్ళలోకి దూకబోయింది. వెనక నుంచి ఎవరో జడ పట్టి లాగారు. నడుం చుట్టూ చేతులు వేసి ఎత్తి పట్టుకున్నారు. ఆ వీధి ఊడ్చే అప్పాయమ్మ. పిల్ల ఆమె చేతిని కొరికింది, రక్కింది, కాళ్ళతో తన్నింది.

"కొరుకే. ఎంత కొరుకుతావో కొరుకు. నాను మాత్రం ఒదల్ను" అంది అప్పాయమ్మ. నిజంగానే వదల్లేదు. వెదురు గెడ తెచ్చి తీగను పక్కకు తోసేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.

అప్పటి నుంచి అప్పాయమ్మ ఆమెకు పెద్దమ్మ అయింది. లలిత చదువుకీ, పెళ్ళికీ, కడుపు నిలవక రెండుసార్లు ఆస్పత్రిలో పడుకున్నప్పుడూ ఆ మనిషే పక్కనుంది. ప్రదీప్‌ని చూసిన రోజున, "ఈడు నెమ్మదస్తుడే. సేసుకో" అన్నదీ ఆమే.

పని పెరిగేకొద్దీ వీడియోలు దాచుకోవడానికి చోటు చాల్లేదు. ప్రదీప్‌కి యంత్రాలంటే పిచ్చి. ఏదో ఆఫీసు వాళ్ళు పాత సామాను వదిలించుకుంటుంటే, అక్కడి నుంచి ఒక సర్వర్ మోయించుకొచ్చాడు. బల్లపరుపుగా, పొడుగ్గా ఉన్న ఇనప పెట్టె. ముందువైపు సొరుగుల్లాంటి అరల్లో నాలుగు హార్డ్ డిస్కులు. ఆన్ చేస్తే గదంతా హోరెత్తిపోయేది. లలిత దానికి ఇంజిన్ అని పేరు పెట్టింది, ఏనాడూ చెయ్యి వేయలేదు. డిస్కుల మీద వెలిగే నాలుగు పచ్చదీపాలు మాత్రం దూరం నుంచి చూసుకునేది. వాళ్ళు తీసిన ప్రతి పెళ్ళీ ఆ నాలుగు దీపాల వెనకే ఉండేది.

ఆ శ్రావణంలో అప్పాయమ్మ మనవరాలు పాప పెళ్ళి జరిగింది. ప్రదీప్ తీశాడు. ఎప్పటిలాగే కెమెరా కార్డుల్లోది ఇంజిన్‌లోకి ఎక్కించి, కార్డులు ఖాళీ చేసి తరువాతి పెళ్ళికి పట్టుకుపోయాడు. ఆ తరువాత కొద్ది రోజులకే రెండు పిడుగులు పడ్డట్టయింది. ప్రదీప్‌కి డెంగ్యూ వచ్చింది. జ్వరం తగ్గిందనుకుంటుండగా ప్లేట్‌లెట్లు పడిపోయి ఆస్పత్రిలో చేర్చారు. అతను అక్కడుండగానే అప్పాయమ్మ నిద్రలోనే పోయింది.

మూడోది నిజం పిడుగే. మధ్యాహ్నం పూట యార్డు మీద పడింది. ఇంటి గోడలు అదిరాయి. కరెంటు పోయి మళ్ళీ వచ్చింది. ఇంజిన్ హోరు మొదలుపెట్టింది కానీ పచ్చదీపాలు వెలగలేదు. కంప్యూటరులో చూస్తే పెళ్ళిళ్ళన్నీ ఉండే డబ్బా బొమ్మ కనిపించలేదు. ఏదో కాలిన కమురు వాసన. లలిత గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయింది. కాసేపటికి తెడ్డు అందుకుని ఇంజిన్ స్విచ్చి ఆపింది.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్తే ప్రదీప్ పెదాలు ఎండిపోయి పడుకుని ఉన్నాడు. చేతికి సెలైన్.

"ఇంజిన్ నడస్తోందా?" అన్నాడు.

"నడస్తోందండీ. దానికేటి?"

"పాప పెళ్ళి కొయ్యడం మొదలెట్టీసేవా?"

"మొదలెట్టేనండీ. మీరు మాటాడకండి, డాక్టరొద్దన్నాడు."

ఇంటికొచ్చేసరికి అప్పాయమ్మ కొడుకు శ్రీనివాసరావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగిపోయింది.

"ఏటమ్మా లలితా, బావకెలాగుంది?" అని అడిగి, అసలు సంగతి చెప్పాడు. "సోమారం పెద్దకర్మ. గోడకి పెడదామంటే అమ్మ బొమ్మ ఒక్కటీ లేదమ్మా. ఓటరు కార్డులోది ఉంది గానీ, అది సూస్తే మనిసి గుర్తే లేదు. పాప పెళ్ళిలో తీసేరు గదేటి, అందులోది ఏదేనా ఇయ్యి. మన వోళ్ళందరం ఓపాలి సూసుకుంతాం."

ఆమె చెప్పాలనుకున్న మాట వేరు. వచ్చిన మాట వేరు. "ఇస్తాను అన్నయ్యా" అంది.

ఆ రాత్రి ఆమెకు కునుకు పట్టలేదు. ఆ నాలుగు డిస్కుల్లో పెద్దమ్మ ఉందో, కాలిపోయిందో తెలియదు. చచ్చిపోయిన మనిషిని రెండోసారి చంపినట్టవుతుందేమో అనిపించింది.

మర్నాడు ఇమ్మానుయేలుకి ఫోన్ చేసింది. ప్రదీప్ స్నేహితుడు, సాల్ట్ లేక్‌లో ఒక కంపెనీ సర్వర్ గదిలో ఉద్యోగం. డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. ఇంజిన్ మూత విప్పి, టార్చి వేసి, ముక్కు పెట్టి వాసన చూశాడు.

"అక్కా, ఇటు చూడు. డిస్కులు వెళ్ళి గుచ్చుకునేది ఈ వెనక బోర్డుకి. కరెంటూ దీని గుండానే, వీడియోలూ దీని గుండానే. ఇది మాడిపోయింది. ఇలాంటిది ఇప్పుడు దొరకదు."

"అయితే అంతా పోయినట్టేనా తమ్ముడూ?"

"డిస్కులు బతికే ఉండొచ్చు. మధ్యలో ఈ బోర్డు లేకుండా డిస్కుల్నే తిన్నగా, వాటిని నడిపే కంట్రోలర్ కార్డుకి కలిపీడమే. ఇందులో కార్డు దీనికి తప్ప ఇంకోదానికి పట్టదు. మా ఆఫీసులో పక్కన పడీసిన కార్డు ఒకటి ఉంది, ఇదే జాతిది. తెచ్చి నీ కంప్యూటర్లో గుచ్చుతాను. కేబుల్ మాత్రం చాందినీ బజార్లో కొనాలి."

వెళ్ళేముందు ఇంకో మాట చెప్పాడు. నాలుగు డిస్కుల్లో ఒకటి పోయినా పర్వాలేదు, మిగతా మూడూ కలిసి దాని లోటు పూడుస్తాయి. రెండు పోతే మాత్రం ఏమీ మిగలదు.

అన్నట్టే మర్నాడు కార్డు తెచ్చి బిగించి వెళ్ళాడు. ఆదివారం పొద్దున్నే వచ్చి డిస్కులు కలుపుతానన్నాడు. శనివారం లలిత కలకత్తా చాందినీ చౌక్ వెళ్ళింది. మొదటి దుకాణంలో ఇచ్చిన కేబుల్ మామూలు డిస్కులది. దాన్నీ, ఫోన్లో తీసుకెళ్ళిన డిస్కు ఫోటోనీ చూపిస్తే, రెండో దుకాణం ముసలాయన కళ్ళజోడు పైకెత్తి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఓటా లాగ్‌బే నా, బౌది." ఆ కేబుల్ దీనికి పట్టదట. సర్వర్ డిస్కు మూతి ఎలా ఉంటుందో గోటితో చూపించాడు. మామూలు డిస్కుకి మధ్యలో సందు ఉంటుంది, దీనికి సందు లేకుండా ఒకే పళ్ళవరుస. లోపల వెతికి ఇంకోటి తెచ్చాడు. ఒకవైపు వెడల్పాటి మూతి, అది కార్డుకి. అక్కడి నుంచి నాలుగు తోకలు, డిస్కుకొకటి. ప్రతి తోకకీ కరెంటు పిన్ను వేరే. దాన్ని చూస్తే లలితకు నాలుగు తలల పామును చేతిలో పెట్టినట్టనిపించింది. పాలిథిన్ సంచిలో చుట్టించుకుని రైలెక్కింది. అప్పటికే వాన మొదలైంది.

ఆదివారం తెల్లవారినా వాన ఆగలేదు. ఇమ్మానుయేలు ఫోన్ చేశాడు. పట్టాల మీద నీళ్ళు, లోకల్ రైళ్ళు లేవు, బస్సులు ఎక్కడివక్కడే నిలిచిపోయాయట.

"రేపే గదా కర్మ. ఎలాగ తమ్ముడూ?"

"అక్కా, నువ్వే కలపగలవు. నేను చెప్తుంటాను. కానీ నీళ్ళు ఇంట్లోకి వస్తే మాత్రం అన్నీ వదిలేసి మెయిను ఆపీయాలి. ఒట్టెయ్యి."

ఆమె కిటికీలోంచి సందులోకి చూసింది. బురదనీళ్ళు గడపకి జానెడు కిందున్నాయి. అట్టముక్కలూ, చెప్పులూ, పూజా పందిరి తాలూకు వెదురు ముక్కలూ తేలుతున్నాయి. వద్దు అని చెప్పడానికి నోరు తెరిచింది.

"ఒట్టు. చెప్పు" అంది.

కంప్యూటరునీ, డిస్కుల్నీ ముందుగదిలోనే ఉన్న మంచం మీదికి ఎక్కించింది. ప్లగ్గుల ఎక్స్‌టెన్షన్ బోర్డును కిటికీ ఊచలకు గుడ్డపేలికతో కట్టింది. ప్లగ్గు ఇంకా పెట్టలేదు. ఇమ్మానుయేలు గొంతు ఫోన్లోంచి వస్తోంది.

"ముందు కంప్యూటర్ పెట్టె ఇనుముని అరచేత్తో గట్టిగా పట్టుకో అక్కా."

"ఇనుమునా? దేనికి?"

"నీ ఒంట్లోనే కొంచెం కరెంటుంటుంది. అది డిస్కులకి తగిలితే లోపల కాలిపోతాయి. ఇనుముని ముట్టుకుంటే అది వదిలిపోతుంది."

తన ఒంట్లో కరెంటు! తండ్రిని తిన్నది తన చేతివేళ్ళలో కూడా ఉందా? ప్లగ్గు పెట్టలేదని తెలుసు. అది తన కళ్ళముందే వేలాడుతోంది. అయినా చెయ్యి ముందుకు వెళ్ళలేదు. రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చింది. మూడోసారి కళ్ళు మూసుకుని పట్టుకుంది. చల్లటి ఇనుము. ఏమీ కాలేదు. ఊపిరి పెద్దగా బయటికి వచ్చింది.

కేబుల్ వెడల్పాటి మూతిని కార్డులో నొక్కితే టక్కుమంది. డిస్కుల మీద ప్రదీప్ సుద్దతో వేసిన అంకెలు చూసుకుంటూ ఒక్కో తోకా తగిలించింది. ఒక్కోదానికీ కరెంటు పిన్ను. యార్డులో గూడ్సు బండి కదిలి నేల వణికినప్పుడల్లా డిస్కు మీద రెండు చేతులూ వేసి పట్టుకునేది. ఈ కార్డు హోరుగాలిలో బతికిన జాతిది, గాలి ఆడకపోతే మాడిపోతుందని ఇమ్మానుయేలు చెబితే, టేబుల్ ఫ్యాను తెచ్చి దాని మొహానికి పెట్టింది.

"ఇంక ప్లగ్గు పెట్టి స్విచ్చి వెయ్యి."

ఆమె చేతికి పొడిగుడ్డ చుట్టుకుని ప్లగ్గు పెట్టి, తెడ్డు అందుకుంది. మొహం పక్కకు తిప్పుకుంది. "పెద్దమ్మా, నన్ను పట్టుకోయే" అని నొక్కింది.

ఫ్యాను తిరిగింది. ఒక డిస్కు గుయ్యిమని అందుకుంది. వెనకే ఇంకొకటి, ఇంకొకటి. నాలుగోది టిక్కు, టిక్కు అని కొట్టుకుని ఊరుకుంది.

"తమ్ముడూ, ఒకటి తిరగట్లేదు!"

"ముట్టుకోకు. మూడు చాలు. ఇప్పుడు స్క్రీన్ మీద నల్లగా వచ్చి ఇంగ్లీషులో ఏదో అడుగుతుంది. ఆ కార్డుకి ఈ డిస్కులు కొత్త కదా, ఎవరివో పరాయివి అంటుంది. అప్పుడు నువ్వు..."

ఫోన్ మూగబోయింది. హలో హలో అంది. సిగ్నల్ లేదు.

నల్లటి తెర వచ్చింది. పైన ఏదో పొడుగు వాక్యం. కింద రెండు మాటలు, ఏదో ఒకటి ఎంచుకోమన్నట్టు, ఒక్కోదాని పక్కన నొక్కాల్సిన మీట అక్షరం. ఇంపోర్ట్. క్లియర్. మళ్ళీ ఫోన్ చేసింది, కలవలేదు. మళ్ళీ చేసింది. వాన పక్కింటి రేకుల మీద దడదడ కొడుతోంది. గడప వైపు చూసింది. తలుపు కింద నల్లగా తడి చార పాకుతోంది.

క్లియర్ అనే మాట మంచిదేమో అనిపించింది. యార్డు పక్కన బతుకుతూ లైన్ క్లియర్ అన్న మాట ఎన్నిసార్లు వినలేదు? దారి ఇచ్చామని కదా దానర్థం. వేలు అటే వెళ్ళింది. వెళ్ళి ఆగింది. ఇంపోర్ట్ తనకు తెలిసిన మాట. రోజూ వాడే మాట. కొత్త పెళ్ళి వచ్చినప్పుడల్లా ముందుగా అదే నొక్కి బొమ్మల్ని లోపలికి పిలుచుకుంటుంది. ఇంపోర్ట్ ఎప్పుడూ ఏదీ చెరపలేదు. క్లియర్ నొక్కిన ప్రతిసారీ ఏదో ఒకటి ఖాళీ అయింది.

అయినా ఇక్కడి అర్థం వేరైతే? చెమట కంట్లోకి కారింది. ఇంపోర్ట్ మీట మీద వేలు ఆనించి, నొక్కేసింది.

తెర మీది అక్షరాలు పోయాయి. ఎంతసేపో ఏమీ రాలేదు. ఆ తరువాత మామూలు తెర వచ్చింది. దాని మీద పెళ్ళిళ్ళ డబ్బా.

ఏడవడానికి కూడా తీరిక లేదు. తడి చార మంచం కోడు దగ్గరికి వచ్చేసింది. అన్నీ తీయడం కుదరదు. పాప పెళ్ళిలో పెద్దమ్మ ఎక్కడుందో ఆమెకు తెలుసు. పసుపు దంచిన పూట, ప్రదీప్ చేతి కెమెరాలో. ఆ ఒక్కటీ పట్టి, జేబులో పట్టే చిన్న విడి డిస్కులోకి లాగింది. తెర మీద కాపీ గీత మెల్లగా నిండుతోంది. సగమైంది. నీళ్ళు గదంతా పరుచుకున్నాయి. మెయిను స్విచ్చి తలుపు పక్కన గోడకి ఉంది. మంచానికీ దానికీ మధ్య నీళ్ళే.

ఒట్టేసింది. ఇంట్లోకి నీళ్ళొస్తే ఆపేస్తానంది. గీత ఇంకా కొంచెం ఉంది. చూస్తూ కూర్చుంది. "రాయే, తొరగా రాయే" అని పళ్ళ సందునుంచి గొణుక్కుంది. గీత నిండింది. గబగబా కంప్యూటరును పద్ధతిగా ఆపి, చిన్న డిస్కు లాగి పాలిథిన్‌లో చుట్టి జాకెట్లో దోపుకుంది.

ఇక దిగాలి. తీగలన్నీ పైనే ఉన్నాయి, నీళ్ళలో ఏమీ లేదు. బుద్ధికి తెలుసు. కాళ్ళకు తెలియదు. మంచం అంచున కూర్చుని పాదం కిందికి చాచింది. నీళ్ళు తాకగానే కెవ్వున అరిచి పైకి లాక్కుంది. కళ్ళముందు బిగుసుకుపోయిన మనిషి. ఈసారి జడ పట్టి లాగడానికి ఎవరూ లేరు. ఉంటే వెనక్కి లాగేవారే, కానీ ఇప్పుడు నీళ్ళు పెరిగి తీగలకు అందేలోగా ముందుకు వెళ్ళకపోతేనే ప్రాణానికి ముప్పు. మంచం మీద పెట్టిన ప్లాస్టిక్ స్టూళ్ళలో ఒకటి దించి దాని మీద నిలబడింది. రెండో స్టూలు ముందు వేసింది. దాని మీదికి మారి, మొదటిది లాగి ముందు వేసింది. తలుపు దగ్గరికి చేరాక చూసుకుంటే తెడ్డు మంచం మీదే ఉండిపోయింది. స్టూలు మీద నుంచి ఒంగి, ఒట్టి చేత్తోనే మెయిను కిందికి లాగేసింది.

ఫ్యాను ఆగిపోయింది. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. లలిత స్టూలు మీదే కూలబడి, వాంతి చేసుకుని, చిన్నపిల్లలా గట్టిగా ఏడ్చింది.

మధ్యాహ్నం దాటాక ఇమ్మానుయేలు పట్టాల వెంట నడుచుకుంటూ, నడుం దాకా తడిసి వచ్చాడు. తలుపు తీసి చూస్తే ఆమె మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని ఉంది.

"ఏం నొక్కావక్కా?" అన్నాడు అన్నిటికంటే ముందు.

"ఇంపోర్టు."

అతను తల పట్టుకుని నీళ్ళలోనే గోడకు జారబడ్డాడు. "ఇంకోటి నొక్కి ఉంటే అన్నీ చెరిగిపోయేవక్కా" అన్నాడు.

సోమవారం భవానీపూర్ క్వార్టర్లలో శ్రీనివాసరావు ఇంటి వరండాలో టీవీ పెట్టారు. జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు. తెర మీద అప్పాయమ్మ రోకలి పట్టుకుని పసుపు దంచుతోంది. ఉన్నట్టుండి రోకలి ఆపి కెమెరా మీదికి వచ్చింది. "ఏటిరా ప్రదీపూ, ఈ ముసిల్దాని మొగమేటి తీత్తావు? ఆ పిల్ల మొగం తియ్యి. తిరగరా అటు!" అని పసుపు చేత్తో అద్దం మీద ఒక్కటి వేసింది. తెరంతా పచ్చగా అయిపోయింది. వరండాలో ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. ఆ నవ్వులోనే పాప ఏడుపు అందుకుంది. శ్రీనివాసరావు లేచి వెళ్ళి టీవీ పక్కన నిలబడ్డాడు. "ఇంకోపాలెయ్యండి" అన్నాడు.

ఆ వారమే ప్రదీప్ ఇంటికొచ్చాడు. నీళ్ళు తీశాక ఇమ్మానుయేలు వచ్చి, తిరగని డిస్కు చోట వేరేది పెట్టి మిగతా పెళ్ళిళ్ళు బయటికి తీశాడు. ఒక బడ్జ్ బడ్జ్ పెళ్ళిలో అప్పగింతల దగ్గర కొంత ముక్క చెడిపోయింది. ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆ ఇంటివాళ్ళకు లలితే ఫోన్ చేసి చెప్పింది. వాళ్ళు తిట్టారు. ఆమె విన్నది.

ప్రదీప్‌కి జావ పోస్తూ జరిగిందంతా చెప్పింది. నీళ్ళలో స్టూళ్ళు మార్చుకుంటూ వెళ్ళిన సంగతి దగ్గర అతను గిన్నె పక్కన పెట్టేశాడు.

"అంతలేసి భయంతో ఎలాగ సేసీసేవే?"

"భయం పోయి సెయ్యలేదండీ. భయంతోనే సేసేను. ఇప్పటికీ తలుసుకుంటే సేతులు వణుకుతున్నాయి, సూడండి."

అతను ఆమె చేతులు పట్టుకుని చూశాడు. నిజంగానే వణుకుతున్నాయి. "ఇంకెప్పుడూ ఒక్కదానివీ సెయ్యకు" అన్నాడు.

"మీరు ఇంకెప్పుడూ అన్నీ ఒక్క సోటే దాయకండి" అంది లలిత.

దసరా వెళ్ళాక వాళ్ళు అదే సందులో మేడమీది వాటాకు మారారు. ఇప్పుడు ప్రతి పెళ్ళీ రెండు చోట్ల ఉంటుంది, ఒకటి ఇంట్లో, ఒకటి ఇమ్మానుయేలు ఇంట్లో. వాన పెద్దదైతే లలిత ఇప్పటికీ లేచి వెళ్ళి మెట్ల మీద నిలబడి కింద సందులో నీళ్ళెంత వచ్చాయో చూస్తుంది. పక్కింటి బెంగాలీ పిల్లలెవరైనా ఆ నీళ్ళలో కాగితప్పడవలు వదలబోతే, పైనుంచే గొంతు చించుకుని అరుస్తుంది. వాళ్ళకు ఆమె తెలుగు అర్థం కాదు కానీ, ఆ అరుపుకి మాత్రం పరుగెత్తుకుంటూ మెట్లెక్కేస్తారు.